డిస్క్ మాత్రం అడగనివ్వండి

(విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో, కంప్యూటర్ ల్యాబ్‌లు చూసుకునేవాళ్లూ సర్వీస్ చేసేవాళ్లూ కలిసిన ఒక ఆదివారం ఉదయం ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

నమస్కారమండీ. వెనకాల నిలబడ్డ కుర్రాళ్లు ముందుకి వచ్చేయండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. చివర్లో ఎలాగూ ఒకర్ని పైకి పిలుస్తాను, దూరంగా నక్కి లాభం లేదు.

కంప్యూటర్లలో ఆపరేటింగ్ సిస్టం, అదే ఓఎస్, వేయడానికి నా జేబులో ఎప్పుడూ మూడు పెన్‌డ్రైవ్‌లుంటాయి. ఇవిగో. పసుపు దారం కట్టింది విండోస్. నల్ల దారం కట్టింది లినక్స్. ఈ ఎర్ర దారం కట్టినదాన్ని మాత్రం మా షాపులో నేను తప్ప ఎవరూ ముట్టుకోరు. ఎందుకో తరవాత చెప్తాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి హుద్‌హుద్ తుపాను గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. అప్పుడు నేనొక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుని. కిటికీలు ఎగిరిపోయి వాన నీళ్లన్నీ ల్యాబ్‌లోకి వచ్చాయి. మొత్తం 60 సిస్టంలు. తడిసినవి విప్పి, ఆరబెట్టి, పనికొచ్చే డిస్కులు ఏరి మళ్లీ బిగించాం. ఆ ఏడాది ఏప్రిల్ 8నే విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సెలవు చెప్పేసింది. విండోస్ 7 వేద్దాం, వేద్దాం అని మేం వాయిదా వేస్తూ వచ్చాం. తుపాను వాయిదా వినలేదు.

కరెంటు లేదు, జనరేటరే దిక్కు. డీజిల్ కోసం బంకు దగ్గర ఎంత క్యూ ఉండేదో మీకూ గుర్తుండే ఉంటుంది. అలాంటప్పుడు ఒక్కో సిస్టం ముందు కూర్చుని, అదడిగితే నేను చెప్పడం. భాష ఏది? కీబోర్డు ఏది? షరతులు ఒప్పుకుంటారా? ఒప్పుకోక చస్తామా! (నవ్వులు) ఏ డిస్కులో వేయమంటారు? మీ పేరు? పాస్‌వర్డు? టైమ్ జోన్? రేషన్ కార్డు ఆఫీసులో కిటికీ దగ్గర నిలబడ్డట్టే. అవే ప్రశ్నలు, అవే జవాబులు, అరవై సార్లు. పైగా ప్రశ్నలన్నీ ఒకేసారి అడగదు. రెండు అడిగి ఇరవై నిమిషాలు మాట్లాడదు. టీకి వెళ్లొచ్చేసరికి ఇంకొకటి అడిగి మన కోసం చూస్తూ ఉంటుంది. కింద జనరేటరు డీజిల్ తాగుతూనే ఉంటుంది.

పదిహేనో సిస్టం దగ్గర టైమ్ జోన్ తప్పు కొట్టాను. ఇరవై దాటాక రెండింటికి ఒకటే పేరు పెట్టాను. చేతకాక కాదు, విసుగు. మనిషిని గుమాస్తాగా కూర్చోబెడితే గుమాస్తా తప్పులే వస్తాయి. ఆ రాత్రి అనుకున్నాను, ఈ జవాబులన్నీ ఒక కాగితం మీద రాసి మెషీన్ చేతిలో పెట్టేస్తే పోదా అని. తీరా చూస్తే ఆ కాగితం ఎప్పట్నుంచో ఉంది. మనకే తెలీదు.

ఆ కాగితం సంగతికి వద్దాం గానీ, ముందు పెన్‌డ్రైవ్. నా దగ్గరికి వచ్చే ఫోన్లలో సగం ఇదే: "అన్నా, ఐఎస్ఓ డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేశాను, బూట్ అవట్లేదు." అవదు తమ్ముడూ. ఐఎస్ఓ అంటే ఇన్‌స్టాల్ చేసే డిస్కు మొత్తం ఒకే ఫైలుగా, బూట్ అంటే సిస్టం దాన్నుంచి లేవడం. పాత బయోస్, అంటే సిస్టం ఆన్ కాగానే మొదట లేచే ప్రోగ్రాం, ఊరికి కొత్తగా వచ్చిన చుట్టంలాంటిది. దానికి తెలిసింది మొదటి ఇల్లొక్కటే. డిస్కులో మొదటి సెక్టారు, 512 బైట్లు, అంతే చదువుతుంది. అందులో చివరి రెండు బైట్లు 55, ఏఏ అని ఉంటేనే గడప దాటుతుంది. లేకపోతే చెప్పులు కూడా విప్పకుండా పక్క డిస్కుకి పోతుంది. నువ్వు పేస్ట్ చేసిన ఐఎస్ఓ ఫైలు ఎక్కడో లోపల, మూత పెట్టిన డబ్బాలా పడి ఉంది. దాన్ని తెరిచే నాథుడే లేడు.

కొత్త సిస్టంలలో బయోస్ బదులు ఉండే యూఈఎఫ్ఐ చదువుకున్న చుట్టం. అది అడ్రసు పట్టుకుని వస్తుంది. ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పార్టిషన్, అంటే డిస్కు భాగం, ఎక్కడుందో చూస్తుంది, అందులో ఈఎఫ్ఐ అనే ఫోల్డరు, దాని లోపల బూట్ అనే ఫోల్డరు, దాని లోపల బూట్ఎక్స్64 డాట్ ఈఎఫ్ఐ అనే ఫైలు. అది దొరికితే పని మొదలు. అంటే ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి ఐఎస్ఓ లోపలి ఫైళ్లన్నీ విప్పి కాపీ చేసినా బూట్ అవుతుందన్నమాట. ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ఎంతమందికి తెలుసు ఈ సంగతి? చేతులెత్తండి. ముగ్గురు. సరే.

అయితే ఇందులో ఒక తిరకాసుంది. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. విండోస్ ఐఎస్ఓలో సోర్సెస్ ఫోల్డర్ తెరిస్తే ఇన్‌స్టాల్ డాట్ విమ్ అని ఒక లావుపాటి ఫైలుంటుంది. ఇప్పుడు అది చాలాసార్లు 4 జీబీ దాటేస్తోంది. దానికి రెండు దారులు. విండోస్‌లోని డిజమ్ కమాండుతో దాన్ని 3800 ఎంబీ ముక్కలుగా కోసుకోవచ్చు. అలా వచ్చిన ఎస్‌డబ్ల్యూఎమ్ ముక్కల్ని సెటప్ తనంతట తనే కలుపుకుంటుంది. లేదంటే రూఫస్ అనే, బూట్ పెన్‌డ్రైవ్ తయారుచేసే ప్రోగ్రాం చేసే పని. అది పెన్‌డ్రైవ్‌ని పెద్ద ఫైళ్లు పట్టే ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్ చేసి, చివర్న బుల్లి ఫ్యాట్ పార్టిషన్ ఒకటి పెట్టి, ఎన్‌టీఎఫ్ఎస్ చదివే డ్రైవర్ని అందులో కూర్చోబెడుతుంది. చుట్టాన్ని ఆ చిన్న గదిలో కూర్చోబెట్టి, అక్కణ్ణించి పెద్దింట్లోకి తీసుకెళ్లడమన్నమాట.

లినక్స్ వాళ్లకి ఐఎస్ఓని పెన్‌డ్రైవ్ మీదికి నేరుగా రాసే డీడీ కమాండు ఉంది. డిస్క్ డిస్ట్రాయర్ అని దాని ముద్దుపేరు, ఊరికే పెట్టలేదు. పెన్‌డ్రైవ్ పేరు ఎస్‌డీబీ అని కొట్టాల్సిన చోట మీ డిస్కు పేరు ఎస్‌డీఏ అని కొడితే "ఏటండీ, నిజంగానే?" అని కూడా అడగదు. ముందు డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి సైజులు చూసుకోండి. మీ పెన్‌డ్రైవ్ 16 జీబీ అయితే 14.9 దగ్గర ఏదో కనపడుతుంది. అదీ మీది. ఇక వెంటాయ్ ఉంది, దాన్ని ఒకసారి ఎక్కించాక ఐఎస్ఓలు నిజంగానే కాపీ, పేస్ట్ చేసుకోవచ్చు. నాలుగైదు రకాలు మోసుకు తిరిగే మనలాంటి సర్వీస్ వాళ్లకి అదే సుఖం.

ఇంకో రెండు మాటలు. డౌన్‌లోడ్ అయిన ఐఎస్ఓకి షా256, అంటే ఫైలు వేలిముద్రలాంటి అక్షరాల వరస, చూడండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండు, లినక్స్‌లో షా256సమ్. సైటులో ఇచ్చినదానితో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైలు వాడొద్దు. సగంలో ఆగిపోయే ఇన్‌స్టాలేషన్‌లు కొన్ని ఇక్కడే దొరికిపోతాయి. ఎవరో కోసి కుదించిన "లైట్" విండోస్‌లు టెలిగ్రామ్‌లో తిరుగుతుంటాయి, వాటి జోలికి పోకండి. అందులో ఏం తీసేశారో వాళ్లు చెప్తారు. ఏం కలిపారో ఎవరు చెప్తారు?

రెండోది పెన్‌డ్రైవ్ సంగతి. ఫుట్‌పాత్ మీద 64 జీబీ అని కొన్నది లోపల 8 జీబీయే ఉండొచ్చు. ఎనిమిది నిండేదాకా బాగానే రాస్తుంది, ఆ పైన రాసిందంతా గంగపాలు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే బుల్లి ప్రోగ్రాం మొత్తం నింపి, తిరిగి చదివి చెప్పేస్తుంది. మన ఊరికి ఇంకో బెడద కూడా ఉంది. బీచ్ రోడ్డు వైపు, భీమిలి వైపు స్కూళ్లలో సీపీయూ ముందు యూఎస్‌బీ పోర్టులు చూడండి, ఉప్పుగాలికి పచ్చగా చిలుమెక్కి ఉంటాయి. పెన్‌డ్రైవ్ కనపడుతుంది, పోతుంది, మళ్లీ కనపడుతుంది. మనం ఐఎస్ఓని తిడతాం. వెనక పోర్టులో పెట్టండి, అది నేరుగా మదర్‌బోర్డు మీదిది, మధ్యలో తీగ లేదు. హుద్‌హుద్ అప్పుడు నాకు విండోస్ 7 ఒక మెసేజ్ ఇచ్చింది: సీడీ డీవీడీ డ్రైవర్ లేదు, పెట్టండి అని. ఆ సిస్టంకి అసలు సీడీ డ్రైవే లేదు! గంట సేపు జుట్టు పీక్కున్నాక తెలిసింది, పెన్‌డ్రైవ్ పెట్టిన నీలం పోర్టు యూఎస్‌బీ 3, విండోస్ 7 సెటప్‌కి దాని డ్రైవర్ తెలీదు. తీసి పక్కనున్న నల్ల పోర్టులో పెడితే గప్‌చుప్‌గా పని చేసింది. ఇప్పటి పిల్లలకి అదే కథ వేరే వేషంలో వస్తోంది. ఇంటెల్ 11వ తరం తరవాతి ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో సెటప్‌కి డిస్కే కనపడదు. డిస్కు పోలేదు, వీఎమ్‌డీ అనే తెర వెనకాల ఉంది. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ విప్పి అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, లోడ్ డ్రైవర్ నొక్కండి.

ఇక కాగితం సంగతి.

ప్రతి ఓఎస్‌కీ దీని పేరు వేరు. విండోస్‌లో ఆటోఅన్‌అటెండ్ డాట్ ఎక్స్ఎమ్ఎల్. పెన్‌డ్రైవ్ తెరవగానే, ఏ ఫోల్డర్ లోపలా కాకుండా, పైనే ఉండాలి. లినక్స్ రకాల్లో డెబియన్ వాళ్లు ప్రీసీడ్ అంటారు, రెడ్‌హ్యాట్ కుటుంబం కిక్‌స్టార్ట్ అంటుంది. ఉబుంటు సర్వర్‌కి 20.04 నుంచి ఆటోఇన్‌స్టాల్. పేరు ఏదైనా మన భాషలో జవాబుల ఫైలే. రూఫస్‌లో విండోస్ 11 రాసేటప్పుడు టీపీఎమ్ అనే భద్రతా చిప్ అడగొద్దు, లోకల్ అకౌంట్ పెట్టు అని టిక్కులు పెడతారు చూడండి, అప్పుడది వెనకాల రాసి పెట్టేది కూడా చిన్న జవాబుల ఫైలే. అంటే మీలో చాలామంది తెలీకుండానే దీన్ని వాడుతున్నారు.

దీన్ని సున్నా నుంచి రాయడానికి కూర్చోకండి. ఒక సిస్టంలో ఒక్కసారి శ్రద్ధగా చేత్తో వేయండి. రెడ్‌హ్యాట్ రకమైతే అయిపోయాక రూట్ (/root) ఫోల్డర్‌లో అనకొండా కేఎస్ డాట్ సీఎఫ్‌జీ అని, మీరు చెప్పిన జవాబులన్నీ అదే రాసి పెడుతుంది. ఉబుంటు కూడా వార్ లాగ్ ఇన్‌స్టాలర్ (/var/log/installer) లోపల ఒక నకలు ఉంచుతుంది. మన మాటలు మనకే తిరిగి దొరుకుతాయి. వాటిని దిద్దుకోవడమే మన పని. ఉబుంటుది రాసేటప్పుడు మొదటి వరస హ్యాష్ క్లౌడ్ కాన్ఫిగ్ (#cloud-config) అనే ఉండాలి. కుడివైపుకి జరపడానికి స్పేసులు కొట్టాలి, ట్యాబ్ కొట్టారో అయిపోయారు. దాని పక్కన మెటాడేటా అనే ఫైలు కూడా ఉండాలి, ఖాళీగా ఉన్నా ఫరవాలేదు, లేకపోతే మాత్రం ఊరుకోదు. మన ఆఫీసుల్లో ఖాళీ ఫారం జతచేయమన్నట్టు. (నవ్వులు)

మన ప్రాంతం జవాబులు గుర్తుంచుకోండి. లినక్స్‌లో టైమ్ జోన్ ఏషియా కోల్‌కతా. విండోస్‌లో ఇండియా స్టాండర్డ్ టైమ్ అని, అక్షరం పొల్లుపోకుండా. తెలుగు టైపు చేసే ల్యాబ్ అయితే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఇక్కడే కలిపేయండి. లాగిన్ దగ్గర మాత్రం ఇంగ్లీషే మొదటిది ఉంచండి, లేకపోతే పాస్‌వర్డు తెలుగులో పడి పిల్లలు ఏడుస్తారు. రెండు ఓఎస్‌లూ వేసిన సిస్టంలో గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతే బ్యాటరీ మార్చకండి. లినక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉంచుతుంది, విండోస్ దాన్నే మన టైము అనుకుంటుంది. ఉదయం పది కాస్తా నాలుగున్నర అవుతుంది.

(సభలోంచి: మాస్టారూ, ఇంత ఎందుకు, ఒకటి చేసి క్లోనింగ్ కొట్టేస్తే సరిపోదా?)

సరిపోతుందమ్మా, ఒకే రకం సిస్టంలైతే. క్లోన్‌జిల్లా మంచి సాధనమే, నేనూ వాడతాను. కానీ క్లోన్ అంటే కవలలు కాదు, ఒకే మనిషి నలభై చోట్ల కూర్చోవడం. విండోస్ అయితే క్లోన్ తీసే ముందు ఆ సిస్టం సొంత గుర్తులు తుడిచే సిస్‌ప్రెప్‌లో జనరలైజ్ కొట్టాలి. లినక్స్‌లో మెషీన్ ఐడీ అని ఒక ఫైలుంటుంది, అది తుడవకుండా క్లోన్ చేసిన ఉబుంటు సర్వర్‌లు రెండూ ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ దగ్గరికి వెళ్లి నేనే, నేనే అని ఒకే ఐపీ తెచ్చుకుంటాయి. ఒకటి ఆన్‌లో ఉంటే ఒకటి పోతుంది. కేబులు లాగి లాగి చచ్చాను ఒకసారి. జవాబుల ఫైలుతో వేసింది దేనికది కొత్తగా పుడుతుంది. విండోస్‌లో కంప్యూటర్ నేమ్ దగ్గర ఒక్క స్టార్ గుర్తు (*) పెడితే దానంతట అదే వేరువేరు పేర్లు పెట్టుకుంటుంది.

పాస్‌వర్డు గురించి ఒక్క మాట. విండోస్ జవాబుల ఫైల్లో పాస్‌వర్డు గజిబిజిగా కనపడితే అది తాళం వేసినట్టు కాదు. బేస్64 అంటారు, ముసుగు అంతే, ఏ పిల్లాడైనా నిమిషంలో లాగేస్తాడు. కాబట్టి అందులో ఎప్పుడూ తాత్కాలిక పాస్‌వర్డే పెట్టండి. లినక్స్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్ కమాండుతో హ్యాష్ చేసి, అంటే వెనక్కి తిప్పలేని రూపంలో, పెట్టొచ్చు. మీ అసలు అడ్మిన్ పాస్‌వర్డు మాత్రం ఏ పెన్‌డ్రైవ్‌లోనూ ఉండకూడదు. పెన్‌డ్రైవ్‌లకి కాళ్లుంటాయి.

ఎర్ర దారం కథ చెప్తానన్నాను కదా.

కాలేజీ మానేసి సొంతంగా సర్వీస్ మొదలుపెట్టిన కొత్తలో, ఒక చిన్న ఆఫీసు. ఎనిమిది సిస్టంలకి విండోస్ వేయాలి, అకౌంట్స్ సిస్టం ఒక్కటి ముట్టుకోకూడదు. నా జవాబుల ఫైలు మహా ఘనంగా ఉంది. డిస్క్ సున్నా, అంటే మొదటి డిస్కు, మొత్తం తుడిచెయ్, పార్టిషన్లు చెయ్, వెయ్. ఒక్క ప్రశ్న అడగదు. పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేసి వదిలేస్తే చాలు. బయోస్‌లో యూఎస్‌బీని మొదట పెట్టేవాణ్ణి, పని సులువవుతుందని. అప్పటికే అది ఒకసారి నన్ను ఆడించింది. మొదటి రీస్టార్ట్ కాగానే మళ్లీ పెన్‌డ్రైవ్ నుంచే బూట్ అయి, వేసింది తుడిచి, మళ్లీ మొదట్నుంచి వేయడం. గానుగెద్దులా తిరుగుతూనే ఉంది. అయినా బుద్ధి రాలేదు.

అకౌంట్స్ ఆయన "బాబూ, నా ఫైలొకటి ప్రింటు తీయాలి, పెన్‌డ్రైవ్ కనపడట్లేదు" అంటే వెళ్లాను. బయోస్‌లో యూఎస్‌బీ ఆపేసి ఉంది, తెరిచాను. అలవాటుగా నా చెయ్యి దాన్ని మొదటి స్థానంలోకి జరిపింది. పోర్టు పని చేస్తోందా అని నా పెన్‌డ్రైవే వెనక గుచ్చి చూశాను. చేసింది. సంతోషం. తీయడం మర్చిపోయాను.

సాయంత్రం కరెంటు పోయింది. ఆ సిస్టంకి యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటు వచ్చాక దానంతట అది ఆన్ అయ్యేలా బయోస్‌లో ఎవరో పెట్టి ఉన్నారు. రాత్రి ఎప్పుడో కరెంటు వచ్చింది. సిస్టం లేచింది. వెనకాల నా పెన్‌డ్రైవ్ ఉంది. తుడవనా అని అడగొద్దని నేనే రాశాను, అది అడగలేదు.

పొద్దున్న ఆయన ఫోన్ చేసి, కోపంగా కూడా కాదు, "బాబూ, నా సిస్టం కొత్త విండోస్ వేసుకుంటూనే ఉంది, నా ట్యాలీ ఎక్కడుంది?" అన్నారు. పదిహేను రోజుల వెనకటి బ్యాకప్ ఒకటి ఉంది కాబట్టి బతికిపోయాను. ఆ పదిహేను రోజుల వోచర్లు ఆయన చదువుతుంటే నేను కూర్చుని ఎక్కించాను. నాలుగు రోజులు. తిట్టలేదు. మధ్యలో ఇడ్లీ కూడా తెప్పించారు. ఆ ఇడ్లీ గొంతు దిగలేదు.

అదే పెన్‌డ్రైవ్ ఇది. ఎర్ర దారం ఆ రోజు కట్టాను. ఖాళీ డిస్కులున్న కొత్త సిస్టంలకే ఇది బయటికి వస్తుంది. మిగతా వాటన్నింటికీ నా పద్ధతి వేరు. అన్ని ప్రశ్నలకీ జవాబు రాస్తాను, డిస్కు ఒక్కటి వదిలేస్తాను. విండోస్ ఫైల్లో డిస్కు భాగం రాయకపోతే, మిగతావన్నీ దాటేసి అక్కడొక్కచోట ఆగి అడుగుతుంది. ఉబుంటులో ఇంటరాక్టివ్ సెక్షన్స్ అని రాసి దాని కింద స్టోరేజ్ అంటే అక్కడే ఆగుతుంది. ఉబుంటు వాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. బూట్ లైన్లో ఆటోఇన్‌స్టాల్ అనే మాట మీరు విడిగా పెట్టకపోతే, జవాబుల ఫైలు ఉన్నా సరే, కొనసాగించనా అని ఒకసారి అడుగుతుంది. మర్చిపోయిన పెన్‌డ్రైవ్ ఎవరి డిస్కూ తుడవకూడదనే. నాలాంటి వాడు అక్కడా ఒకడు ఉండే ఉంటాడు.

ఇంకో కారణం కూడా ఉంది. డిస్క్ సున్నా అంటే మీరనుకున్న డిస్కే అని ఎవరు చెప్పారు? ఇప్పుడు ఒక్కో సిస్టంలో ఎన్‌వీఎమ్ఈ అనే వేగమైన కొత్తరకం డిస్కు ఒకటి, పాత హార్డ్ డిస్కు ఒకటి. ఏది సున్నా అవుతుందో సిస్టంని బట్టి మారుతుంది. బయోస్ వరస కూడా మార్చకండి, ఆ ఒక్కసారికి, దేన్నుంచి లేవాలో అడిగే బూట్ మెనూ చాలు. డెల్, లెనోవోకి ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9.

(సభలోంచి: నెట్‌వర్క్ మీద వేయడం గురించి చెప్పలేదు.)

చెప్తాను, టైము లేదు కాబట్టి పొట్టిగా. పీఎక్స్ఈ అంటారు. సిస్టం లేవగానే నెట్‌వర్క్‌లో డీహెచ్‌సీపీని ఐపీ అడుగుతుంది, దాంతో పాటు బూట్ ఫైలు ఎక్కడుందో కూడా తెలుసుకుంటుంది. చిన్న ఫైలు టీఎఫ్‌టీపీ అనే తేలిక పద్ధతిలో తెచ్చుకుని, అక్కణ్ణించి పెద్దవి లాగుతుంది. నలభై దాటిన ల్యాబ్‌కి ఇదే సుఖం. కానీ మీ ల్యాబ్‌లో రూటర్ అప్పటికే డీహెచ్‌సీపీ ఇస్తుంటే, ఇంకోటి పెట్టారంటే రెండు కొప్పులు ఒక ఇంట్లో ఇమడవు. డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రాంని ప్రాక్సీగా పెట్టుకోండి, అది ఐపీల జోలికి పోకుండా బూట్ ఫైలు ఎక్కడుందో మాత్రం చెప్తుంది. మిగతాది ఇంకోసారి.

ఇప్పుడు ఈ సిస్టం చూడండి. పసుపు దారం పెట్టాను. బూట్ మెనూ... అదిగో వస్తోంది. భాష అడగలేదు. కీ అడగలేదు. షరతులు అడగలేదు. ఆగింది. మీరు, మూడో వరస, నీలం చొక్కా, రండి. మౌస్ ముట్టుకోకండి. ముందు అక్కడ ఏముందో పైకి చదవండి.

(డ్రైవ్ 0, 931 జీబీ. డ్రైవ్ 1, 238 జీబీ. డ్రైవ్ 2, 14.9 జీబీ.)

మూడోది మన పెన్‌డ్రైవే. 931 లో ఈ సిస్టం గలాయన పిల్లల ఫోటోలున్నాయి. అది డ్రైవ్ సున్నా అయి కూర్చుంది, చూశారా? ఇప్పుడు చెప్పండి, దేని మీద నొక్కుదాం?